కొలను లేని ఇంటికి వల

రావెన్‌షా పట్టణంలో ఇకమీదట ఒడి దొరకని బిడ్డ ఒక్కరూ ఉండబోరని కౌన్సిలర్ డెస్మండ్ ప్లంకెట్ గారు టౌన్ హాల్ మెట్ల మీద నిలబడి ప్రకటించారు. అది ఫిబ్రవరి నెల. సన్నగా వాన పడుతోంది. గొడుగు పట్టిన మనిషి ఆయన వెనకాల తడుస్తున్నాడు.

"వంద రోజులు. వంద ఇళ్ళు. వంద ఒడులు," అన్నారాయన. పత్రికలవాళ్ళు రాసుకోవడానికి వీలుగా కాస్త ఆగి, మళ్ళీ అదే మాట అన్నారు.

పిల్లలూ కుటుంబాల శాఖ ఆయన చేతికొచ్చి రెండేళ్లయింది. ఆ రెండేళ్లలో పట్టణంలో ఉన్న మూడు శిశు సంరక్షణ కేంద్రాలనూ మూయించింది ఆయనే. కాబట్టి బిడ్డలకు ఒడులు ఎంత కరువయ్యాయో ఆయనకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. పథకం పేరు 'ప్రతి బిడ్డకూ ఒక ఒడి'. ఎవరింట్లో వాళ్లు ఇరుగుపొరుగు పిల్లల్ని చూసుకోవాలి. తనిఖీ అధికారి వచ్చి ఇల్లు చూస్తారు. బాగుందంటే రిజిస్టరులో పేరెక్కుతుంది. ఇల్లు వాళ్లది, వంటగది వాళ్లది, నడుము నొప్పి వాళ్లది. కౌన్సిల్ పెట్టుబడి పోస్టర్లు మాత్రమే. అంత తక్కువ సరుకుతో అంత పెద్ద దుకాణం ఆ మెట్ల మీద అంతకుముందు ఎవరూ తెరవలేదు.

వాన తగ్గేదాకా టౌన్ హాల్ చూరు కింద నిలబడదామని వచ్చిన లొరేన్ బర్ట్‌విజిల్ ఆ మాటలన్నీ విన్నది. లొరేన్‌కు యాభై నాలుగేళ్లు. పైకప్పు వేసిన పాత మార్కెట్లో ఇరవై ఆరేళ్లు గుండీలు, జిప్పులు, రిబ్బన్లు అమ్మింది. ఒక్క గుండీ ఊడిందని వచ్చినవాడికి ఆరు గుండీలు అంటగట్టి, వాడిచేతే దండం పెట్టించుకుని పంపగల మనిషి. అపార్ట్‌మెంట్లు కడతామని కౌన్సిల్ ఆ మార్కెట్టును మూసేసి పదకొండు నెలలయింది. అక్కడ ఇంకా అపార్ట్‌మెంట్లు రాలేదు. పావురాలు మాత్రం వచ్చాయి.

ఆమె పక్కింట్లో జోడీ అనే పిల్ల ఉంటుంది. ఇరవై ఏడేళ్లు, ఇద్దరు బిడ్డలు, మొగుడు లేడు. రూబెన్‌కు నాలుగేళ్లు, ఐవీకి రెండు. జోడీకి పెద్దాసుపత్రి వార్డులో ఉద్యోగం వచ్చింది. మే నెల రెండో సోమవారం చేరాలి. ఉదయం ఏడున్నర నుంచి రాత్రి ఏడున్నర దాకా షిఫ్టు. పిల్లల్ని చూసే మనిషి పేరూ రిజిస్టరు నంబరూ చూపిస్తేనే చేర్చుకుంటామన్నారు. ఆ సోమవారం రాకపోతే పేరు కొట్టేసి, వరుసలో తర్వాతి మనిషిని పిలుస్తామని కూడా అన్నారు.

చట్టం సంగతి లొరేన్ ముందే తెలుసుకుంది. ప్రతిఫలం పుచ్చుకుని పరాయి బిడ్డను మన ఇంట్లో రోజుకు రెండు గంటలకు మించి చూసుకోవాలంటే రిజిస్టరు కావాలి. ప్రతిఫలమంటే డబ్బే కానక్కర్లేదు, బదులుగా జోడీ బట్టలు ఇస్త్రీ చేసిపెట్టినా అది ప్రతిఫలమే. లొరేన్‌కు బేరం నచ్చింది. ఒకరికి పని కావాలి, ఒకరికి మనిషి కావాలి, మధ్యలో ఉన్నది ఒక గోడ. ఆ గోడకు ఒక నంబరు అతికిస్తే ఇద్దరూ నిలబడతారు. మెట్లు దిగుతున్న కౌన్సిలర్ గారి దగ్గరికి వెళ్ళి పేరు ఇచ్చింది.

ఆయన రెండు చేతులతో ఆమె చేయి పట్టుకుని, కెమెరా వైపు చూస్తూ, "మీలాంటివాళ్ళే ఈ పట్టణానికి వెన్నెముక, మిసెస్..." అన్నారు.

"లొరేన్, సార్. మార్కెట్లో గుండీల కొట్టు."

"ఆ మార్కెట్టంటే నాకు ప్రాణం," అన్నారు ప్లంకెట్ గారు.

* * *

ప్రథమ చికిత్స కోర్సు అయింది. పోలీసు రికార్డుల పరిశీలన అయింది. మొగుడు డెరెక్ ముప్ఫై ఏళ్లు బస్సు నడిపి రిటైరైనవాడు, అతడి రికార్డు కూడా శుభ్రంగానే వచ్చింది. ఇక మిగిలింది ఇంటి తనిఖీ ఒక్కటే. దానికి ఇంటిని సిద్ధం చేయడానికి కౌన్సిల్ తరఫున ఫెలిసిటీ వేన్ అనే అమ్మాయి వచ్చింది. ఆమె ఉద్యోగం పేరు సంసిద్ధతా సలహాదారు. చేతిలో ట్యాబ్లెట్, అందులో రెండు వందల పద్నాలుగు ప్రశ్నలు. మాట తేనె.

ఇల్లంతా తిరిగి చూసింది. లొరేన్ అంతకుముందే మందులు పై అలమారలో పెట్టి తాళం వేసింది, మెట్లకు గేటు పెట్టింది, పొగ పసిగట్టే అలారం కొత్తది బిగించింది. అన్నీ చూసి ఫెలిసిటీ పెరట్లోకి వెళ్ళి నిలబడింది. అటు చూసింది, ఇటు చూసింది.

"కొలను ఎక్కడుందండీ?"

"కొలను లేదమ్మా."

"లేదా." ఫెలిసిటీ మొహం చిన్నబోయింది. "ఇక్కడ ప్రశ్న ఇలా ఉందండీ. 'కొలనును ఎలా కప్పారు?' వలతోనా, ఇనప జాలీతోనా, చుట్టూ కంచెతోనా. మూడే సమాధానాలు."

"కొలను లేదని రాయి."

"నాలుగో గడి లేదండీ. ఇది నింపకపోతే తర్వాతి పేజీ తెరుచుకోదు."

"తర్వాతి పేజీలో ఏముంది?"

"వంటగది."

లొరేన్ తన చిన్న పెరటిని తేరిపార చూసింది. గడ్డి, బట్టలారేసే తీగ, తలకిందులుగా బోర్లించిన బకెట్టు. "పిల్లలు పడతారనే కదమ్మా మేం కొలను పెట్టుకోనిది."

"అదే ఇబ్బందండీ," అంది ఫెలిసిటీ, పెద్ద డాక్టరు చిన్న జబ్బు గురించి చెప్పినట్టు. "మీ ఇంట్లో ప్రమాదాలు బాగా తక్కువున్నాయి. ప్రమాదాన్ని అదుపులో పెట్టే విభాగానికి ఎక్కువ మార్కులు. ప్రమాదమే లేకపోతే దాన్ని మీరు అదుపులో పెట్టారని మేం ఎట్లా చూపించాలి?"

మూడోనాడు కౌన్సిల్ వ్యాను వచ్చి వల దించి వెళ్ళింది. వంద ఇళ్లకూ వంద వలలు అప్పటికే కొనేశారట. నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, పచ్చరంగు. డెరెక్ ఆ మూటను చూసి, వెళ్ళి పార తెచ్చాడు.

"మా తాత గనిలో తవ్వాడు, బొగ్గు కోసం," అన్నాడు. "మా నాన్న రోడ్లు తవ్వాడు, పైపుల కోసం. నేను వల కోసం తవ్వుతా."

"మాట్లాడక తవ్వు. లోతు తక్కువుండాలి."

"ఎంత లోతుంటే కొలను అంటారు?"

అది పుస్తకంలో లేదు. ఫెలిసిటీ ఫోను చేసి కనుక్కుంది. బిడ్డ మునిగేంత లోతుంటేనే ప్రమాదం కింద లెక్కకొస్తుందన్నారు. డెరెక్ ఇంకో అడుగు తవ్వాడు. నీళ్ళు నింపారు. పైన వల బిగించారు. ఫెలిసిటీ వచ్చి మొదటి గడిలో టిక్కు పెట్టింది. వంటగది పేజీ తెరుచుకుంది.

తర్వాత పెంపుడు జంతువుల పేజీ. లొరేన్ ఇంట్లో పిల్లి కూడా లేదు. రెండిళ్ళ అవతల ఉండే విల్ఫ్ ముసలాయనకు పందేలు మానేసిన గ్రేహౌండ్ కుక్క ఉంది, దాని పేరు డచెస్.

"అద్దెకా?" అన్నాడు విల్ఫ్ తలుపు సందులోంచి.

"ఒక్క పూటకు, పెద్దాయనా. తనిఖీ అధికారికి చూపించి పంపించేస్తాను."

"కుక్కనెందుకు చూపించడం?"

"కుక్క ఉన్నా మా ఇల్లు భద్రంగానే ఉందని చూపించడానికి."

"లేకపోతే ఇంకా భద్రం కదే పిల్లా."

"ఆ సంగతి పైవాళ్లకు చెప్పు. నాకు తెలుసు."

ఇంట్లో ఏడు గేట్లు వచ్చాయి. సోఫా మీంచి లేచి దొడ్డికి వెళ్లాలంటే డెరెక్ నాలుగు గేట్లు దాటాలి, ఒక్కో గేటుకూ నొక్కి, ఎత్తి, పక్కకు లాగాలి. అతడు నీళ్లు తాగడం తగ్గించాడు. వేడి పానీయాల విధానమని పన్నెండు పేజీల కాగితం వచ్చింది. కెటిల్ తాళం వేసిన అలమారలో ఉండాలి. టీ కప్పు వంటగది గడప దాటకూడదు. డెరెక్ ఆనాటి నుంచి వంటింటి వెనక తలుపు తీసి, వానలో కొలను గట్టున నిలబడి టీ తాగేవాడు. ఇంటి మొత్తంలో టీ తాగడానికి అనుమతి ఉన్న చోటు అదొక్కటే. నీళ్ల పక్కన.

లొరేన్ రాత్రింబవళ్లు విధానాలు రాసింది. మార్కెట్లో ఆమె ఇరవై ఆరేళ్లలో రాసిన కాగితం ఒకే ఒకటి, 'అరువు లేదు'. ఇప్పుడు ముప్ఫై ఒక్క విధానాలు, మూడు ఫైళ్లు. అవి బరువుకు జారి బిడ్డ మీద పడితే ఏం చేయాలనేది ముప్ఫై రెండోది.

* * *

తనిఖీకి వారం ముందు ప్లంకెట్ గారే స్వయంగా చూడ్డానికొచ్చారు. ఫోటోగ్రాఫరు కూడా వచ్చాడు. గేటూ గేటూ దాటుతూ, ప్రతిసారీ చేయి చాచి ఎవరైనా తెరిచిపెట్టేదాకా ఆగుతూ, ఆయన కొలను దాకా చేరారు. వల చూసి ఆయన కళ్లు చెమ్మగిల్లాయి.

"ఇదీ," అన్నారు. "నేను కలగన్న ఇల్లు ఇదీ. ఫెలిసిటీ, మన మోడల్ ఇల్లు ఇదే."

ఆ సమయానికి రూబెన్ అక్కడే ఉన్నాడు, చేతికి జామ్. ఫోటోలో జామ్ వద్దని ఫోటోగ్రాఫరు వాడిని పక్కకు జరిపాడు. రూబెన్ కదల్లేదు.

"నువ్వెవరు?" అన్నాడు కౌన్సిలర్ గారితో.

"నేను కౌన్సిలర్ని, బాబూ."

"అంటే ఏం చేస్తావు?"

"నీలాంటి పిల్లల్నందర్నీ చూసుకుంటాను."

రూబెన్ ఆలోచించాడు. "మా చెల్లి ప్యాంటు తడుపుకుంది," అన్నాడు.

ప్లంకెట్ గారు వాచీ చూసుకుని, తనిఖీ రోజున తానూ వస్తే లొరేన్‌కు ధైర్యంగా ఉంటుందన్నారు. తనిఖీ సమయంలో బయటివాళ్లు రాకూడదని ఫెలిసిటీ మెల్లగా గుర్తుచేసింది. "రానులే. ఇటుగా వెళుతుంటానంతే," అన్నారాయన.

* * *

గురువారం పది గంటలకు తనిఖీ అధికారి వచ్చింది. పేరు బ్రయనీ కాల్డర్. ముప్ఫై అయిదేళ్లుంటాయి. కోటు విప్పింది, పెన్ను తీసింది, ముందు పెరట్లోకి వెళ్ళింది.

"ఈ కొలను ఎన్నాళ్లనుంచి ఉంది?"

"ఆరు వారాలండీ."

"ఎందుకు తవ్వారు?"

"కప్పడానికండీ."

బ్రయనీ పెన్ను కాగితం మీద ఆగింది. లొరేన్ వైపు చూసింది, వల వైపు చూసింది, మళ్లీ ఏదో రాసింది. ఎంతో రాయలేదు. ఒక్క మాటే.

"కుక్క?"

"డచెస్ అండీ. చాలా మెత్తన."

"మీదేనా?"

"విధానం ఉందండీ, రెండో ఫైల్లో," అంది లొరేన్. మార్కెట్లో కూడా ఆమె ఏనాడూ అబద్ధం చెప్పలేదు. అడిగినదానికి పక్కనున్న సరుకు చూపించేది.

అంతవరకూ లాభనష్టాలు సమానం. అప్పుడు జోడీ పిల్లలిద్దర్నీ లోపలికి పంపింది, అధికారి చూడాలి కాబట్టి. ఐవీ నేరుగా వచ్చి లొరేన్ ఒళ్లో ఎక్కి, బొటనవేలు నోట్లో పెట్టుకుంది. రూబెన్ తన చలికోటు జిప్పు తనే వేసుకోవడం నేర్చుకుంటున్నాడు. లొరేన్ చేయి వేయలేదు. కింద పిన్ను దూర్చే చోట వేలు పెట్టి చూపించింది, వదిలేసింది. వాడు మూడుసార్లు తప్పాడు. నాలుగోసారి జిప్పు గడ్డందాకా ఎక్కింది. వాడు ఎవరికీ చెప్పలేదు, కిందికి లాగి మళ్ళీ ఎక్కించాడు.

బ్రయనీ పెన్ను పక్కన పెట్టింది. పొద్దుటినుంచి అది మొదటిసారి. "మీకిది బాగా వచ్చు," అంది. ఫైళ్ళు ఇంకా తెరవనే లేదు.

గోడకు చెవి ఆనించి అవతల జోడీ నిలబడి ఉందని లొరేన్‌కు తెలుసు. సోమవారం వచ్చేసినట్టే అనిపించింది.

అప్పుడు బెల్లు మోగింది. ప్లంకెట్ గారు ఇటుగా వెళుతున్నారు. ఫోటోగ్రాఫరూ, ఫెలిసిటీ కూడా ఇటుగానే వెళుతున్నారు. ముగ్గురూ సోఫాలో కూర్చున్నారు.

రావెన్‌షాలో మనిషి వచ్చి కూర్చున్నాక టీ అడగకుండా రెండు నిమిషాలు గడిస్తే, ఆ రెండిళ్లకూ మాటల్లేవని అర్థం. చావు కబురు చెప్పడానికి వచ్చినవాడికైనా ముందు కప్పు చేతికిచ్చి, తర్వాత ఎవరు పోయారని అడుగుతారు. మొదటి నిమిషం గడిచింది. అందరూ గోడవైపు చూశారు. రెండో నిమిషంలో ఫోటోగ్రాఫరు దగ్గాడు. లొరేన్ పుట్టిన తర్వాత ఇంత సిగ్గుమాలిన పని ఎన్నడూ చేయలేదు.

"ఒక కప్పు టీ దొరికితే," అన్నారు ప్లంకెట్ గారు ఉదారంగా. "ఫోటోలో పొగలొచ్చే కప్పుంటే ఇంటికి వెచ్చదనం వస్తుంది."

లొరేన్ ఫెలిసిటీ వైపు చూసింది. ఫెలిసిటీ పైకప్పు చూస్తోంది. ఇక నోరు ఆగలేదు. "మీకూ పెట్టనా, తల్లీ?" అంది లొరేన్ అధికారితో.

"పాలు పోసి, ఒక చెంచా చక్కెర," అంది బ్రయనీ. అన్న తర్వాత ఆలోచించింది. అప్పటికే ఆలస్యమైంది. అది అధికారి అన్న మాట కాదు, చిన్నప్పుడు అమ్మమ్మ నేర్పిన అలవాటు అన్న మాట.

లొరేన్ మూడు గేట్లు దాటి, అలమార తాళం తీసి, టీ పెట్టింది. ట్రేతో గుమ్మం గేటు దాకా వచ్చాక గేటు తెరవడానికి మూడో చేయి లేదు. గేటుకు ఇవతల, సోఫా వైపు, రూబెన్ నిలబడి తన జిప్పు ఆమెకు చూపిస్తున్నాడు.

"ఇలా ఇవ్వండమ్మా," అన్నారు ప్లంకెట్ గారు. ఆయన లేచి, గేటు మీదుగా, రూబెన్ తల మీదుగా, పొగలు కక్కే అయిదు కప్పుల ట్రేను అందుకున్నారు. ఆగి, కెమెరా వైపు నవ్వారు. ఫోటోగ్రాఫరు మూడు ఫోటోలు తీశాడు. నాలుగోది నిలువుగా తీశాడు.

బ్రయనీ టీ మొత్తం తాగింది. కప్పు కింద పెట్టింది. పెన్ను తీసుకుంది.

"టీ చాలా బాగుంది," అంది. "కానీ నేను చూశాను. చూసింది రాయకుండా ఉండలేను."

"ట్రే పట్టుకుంది ఆయన కదండీ," అంది లొరేన్.

"ఇల్లు మీది కదండీ."

వేడి పానీయం బిడ్డ తల మీదుగా వెళ్లింది, కొలను కొత్తగా తవ్వారు, కారణం స్పష్టంగా లేదు. రిజిస్టరు వాయిదా. మళ్లీ తనిఖీ పదమూడు వారాల తర్వాత.

కౌన్సిలర్ గారు ఏమాత్రం నిరుత్సాహపడలేదు. అంత నిజాయితీగా మోడల్ ఇంటినే వాయిదా వేసిన తనిఖీ దేశంలో ఇంకెక్కడైనా ఉందా అని గుమ్మంలోనే అడిగారు. శుక్రవారం స్థానిక పత్రికలో ఫోటో వచ్చింది. నిలువుగా తీసిందే. కింద 'ఒడిలో వెచ్చదనం' అని రాశారు. మోడల్ ఇంటి యజమాని చేతులు మాత్రమే కనిపించాయి, ట్రే అంచున.

* * *

జోడీ ఏడవలేదు. పత్రిక మడిచి బల్ల మీద పెట్టింది. "పోనీ అక్కా. ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పేస్తా, వేరేవాళ్లను చూసుకోమని."

"ఏమని చెప్తావు?"

"చెయ్యి ఖాళీ లేదని చెప్తా. రెండు చేతులూ పిల్లలేనని."

"ఫోను అక్కడ పెట్టు," అంది లొరేన్. ముప్ఫై ఒకటో విధానం కాగితాన్ని తిరగేసింది. వెనకవైపు తెల్లగా ఉంది. పెన్సిలు తీసింది. మనిషికి ఇవ్వడానికి గజం రిబ్బను లేకపోతే జానెడేసి ముక్కలు ఆరు కలిపి ఇవ్వొచ్చని ఆమెకు ఇరవై ఆరేళ్ల అనుభవం.

"రోజుకు రెండు గంటల లోపయితే రిజిస్టరు అక్కర్లేదు. అవునా?"

"అవును. కానీ నాకు పన్నెండు గంటల షిఫ్టు. పోను రాను టైముతో పదమూడు."

"సాయంత్రం ఆరు దాటాక ఎవరు చూసినా చట్టానికి పట్టదు. అర్ధరాత్రి రెండు దాకా. అది పబ్బుకు పోయే తల్లిదండ్రుల కోసం పెట్టారు. డెరెక్ చూస్తాడు. మిగిలింది పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఆరు. పదకొండు గంటలు. దాన్ని గంటా యాభై నిమిషాల చొప్పున కోస్తే ఎన్ని ముక్కలు?"

జోడీ వేళ్ల మీద లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. "ఆరు."

"మన వీధిలో ఆరిళ్లు లేవా?"

"ఆసుపత్రివాళ్లు నంబరు అడుగుతారు కదక్కా."

"చట్టం నంబరు అడగని చోట వాళ్లెందుకు అడుగుతారు? ఆ వాక్యం ఉన్న కాగితమే తీసుకెళ్లి చూపించు. కాగితానికి కాగితమే జవాబు."

ఆ కాగితంతో జోడీ ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడి గుమస్తా దాన్ని రెండుసార్లు చదివి, పై అధికారికి చూపించి, ఫైల్లో పెట్టుకున్నాడు. సోమవారం రమ్మన్నాడు.

మొదటి ముక్క తనే ఉంచుకుని, మిగతా అయిదింటికీ లొరేన్ తలుపు తలుపూ తట్టింది. ముందు విల్ఫ్.

"నా ఇల్లు తనిఖీ చేస్తారా?" అన్నాడు ముసలాయన. హాల్లో బొగ్గుల పొయ్యి మండుతోంది, కంచె లేదు, ముందు డచెస్ పడుకుని ఉంది.

"రెండు గంటల లోపు ఎవరూ చూడరు, పెద్దాయనా."

"రెండు గంటలు దాటితే?"

"అప్పటికి పిల్లలు మిసెస్ డొహర్టీ ఇంట్లో ఉంటారు."

మిసెస్ డొహర్టీకి ఎనభై ఒకటి. ఆవిడకు నిజమైన కొలను ఉంది, నలభై ఏళ్లనాటిది, వల లేదు, బంగారు చేపలున్నాయి. కునుకు పట్టకుండా చూసుకుంటానని మాటిచ్చింది. తర్వాత నస్రీన్, ఇంట్లోనే దుస్తులు కుట్టేది, నేలంతా సూదులే. "అయ్యో ఆంటీ, పంపించండి. మా నలుగురూ సూదుల మధ్యే పెరిగారు," అంది. తర్వాత గావిన్, ముందుగదిలో మోటారు సైకిలు విప్పి పరిచినవాడు. చివరికి వీధి చివర చేపల వేపుడు కొట్టు వెనక ఉండే కోస్టాస్, బాణలి నూనె ఎప్పుడూ కాగుతూనే ఉంటుంది. ఒక్కొక్కరికీ ఇంత అని లొరేన్ ఒప్పందం కుదిర్చింది. ఎవరూ పెద్దగా బేరమాడలేదు. మొత్తం అంతా చట్టం లోపలే.

సోమవారం ఏడింటికి జోడీ బస్సెక్కింది. ఎనిమిది యాభైకి లొరేన్ వంటింటి అలారం మోగింది, విల్ఫ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పది నలభైకి మిసెస్ డొహర్టీ. పన్నెండున్నరకు నస్రీన్. పిల్లల బండి వీధిలో ఒక్కో తలుపూ దాటుకుంటూ సాయంత్రానికి చివరికి చేరింది. రూబెన్‌కు ఆ రోజు ఆరు చోట్ల ఆరుసార్లు పెట్టారు. రాత్రి డెరెక్ ఒళ్లో కూర్చుని, కార్బ్యురేటర్ అంటే ఏంటో అతడికి చెప్పాడు. జోడీ ఎనిమిదింటికి వచ్చేసరికి ఇద్దరూ నిద్రపోతున్నారు. ఆమె బూట్లు విప్పకుండానే మెట్ల మీద కూర్చుని ఆసుపత్రి బ్యాడ్జీని చూసుకుంది. ఫోటోలో ఆమె కళ్ళు మూసుకుని ఉన్నాయి. అయినా పేరు సరిగ్గా రాశారు.

* * *

వందో రోజు దగ్గరపడేసరికి కౌన్సిలర్ గారి లెక్కలో తొంభై నాలుగు ఒడులున్నాయి. పోస్టరు ముందు ఆగి చదివినవాళ్లందర్నీ 'ఆసక్తి చూపిన ఇళ్లు' కింద ఫెలిసిటీ రాసుకుంది. ఇంకా ఆరు తక్కువ. అప్పుడే ఆమెకు ఈ వీధి సంగతి తెలిసింది.

వందో రోజున ప్లంకెట్ గారు వీధిలో నిలబడ్డారు. వాన లేదు. ప్రభుత్వం ఒక్క వాక్యం కూడా మార్చకుండా, ఒక్క తనిఖీ కూడా లేకుండా, ఒకే వీధిలో ఆరు ఒడులు వెలిశాయంటే అది నాయకత్వం కాక మరేమిటని అడిగారు. ఆరు తలుపులకూ 'ఇది ఒక ఒడి' అని గుండ్రటి స్టిక్కర్లు అంటించారు. గావిన్ తనదాన్ని మోటారు సైకిలు పెట్రోలు ట్యాంకు మీద అంటించుకున్నాడు. విల్ఫ్ ఇంటి ముందు ఫోటో తీసేటప్పుడు లోపలి పొయ్యి వెలుగు బాగుందని ఫోటోగ్రాఫరు మెచ్చుకున్నాడు.

"వందకు వంద," అన్నారు ప్లంకెట్ గారు. కాస్త ఆగి మళ్లీ అన్నారు.

మర్నాడు పొద్దున ఏడు దాటి అయిదు నిమిషాలకు లొరేన్ ఇంటి బెల్లు మోగింది. ఐవీని చంకనేసుకుని తలుపు తీసింది. గుమ్మంలో బ్రయనీ కాల్డర్. పదమూడు వారాలు ఇంకా కాలేదు. లొరేన్ తలలోనే లెక్క వేసుకుంది. గేట్లు తీసేశారు, డెరెక్ కొలను పూడ్చేశాడు, కెటిల్ బల్ల మీదే ఉంది.

"లోపలికి రండి," అంది. "తనిఖీకా?"

"తనిఖీకే," అంది బ్రయనీ. "ఇక్కడ కాదు. మిల్ రోడ్డులో, ఎనిమిదింటికి. ఇవాళ మూడిళ్లున్నాయి." ఆమె పక్కకు తిరిగింది. కారు వెనక సీట్లో ఏడాదిన్నర పిల్లాడు చెప్పు నములుతున్నాడు. ఆమె వాణ్ణి ఎత్తుకుని, భుజానికి సంచీ తగిలించుకుని మళ్లీ గుమ్మం దగ్గరికి వచ్చింది. "మా వాడిని చూసే ఆవిడ పోయిన వారం మానేసింది. రిజిస్టరైన వాళ్లెవరి దగ్గరా ఖాళీ లేదు. ఉన్నవాళ్ళే తక్కువ."

"తక్కువే," అంది లొరేన్.

"మీ వరుసలో... ఆరిళ్లలోనూ చోటుందా?"

"ఏం తింటాడు?"

"ఏదైనా తింటాడు." బ్రయనీ సంచీ కింద పెట్టి, అలవాటుగా జేబులోంచి పెన్ను తీసింది. "సంతకాలు ఎక్కడ పెట్టాలి?"

"సంతకాలేమీ లేవు తల్లీ," అంది లొరేన్, రెండో చేయి చాచి. "పిల్లాణ్ణి ఇటివ్వు. నీకు ఆలస్యమవుతోంది."